చుక్కబర్రె చేపిన పూట

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో నన్ను చూడగానే ఎవరైనా కుర్రవాళ్ళు చెవుల్లోంచి ఆ తెల్ల బొడిపెలు తీసి జేబులో వేసుకున్నారంటే నాకు సంగతి అర్థమైపోతుంది. ఉద్యోగం మీద విరక్తి పుట్టింది, బర్రెలు పెట్టుకుందామనుకుంటున్నారు. "ఆంటీ, మీరు కూడా సాఫ్ట్‌వేర్ వదిలేసి డెయిరీ నడిపారట కదా?" అని మొదలుపెడతారు. డెయిరీ అనే మాట వింటే మా కొట్టం సిగ్గుపడేది. రేకుల కప్పు కింద మూడు బర్రెలు, ఒక అత్తమ్మ, నేను. అదీ మా డెయిరీ.

నేను రెండు ఉద్యోగాల్లోంచి రిటైరయ్యాను. మొదటిది గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వచ్చేసేటప్పుడు కేకు కోయించి, పూలగుత్తి ఇచ్చి, ఫొటో తీసి పంపించారు. రెండోది కోకాపేట పక్కన మా అత్తగారి బర్రెల కొట్టం. అక్కణ్ణుంచి నన్ను పంపించింది నా మోకాళ్ళు. మొదటి ఉద్యోగం గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగేదంతా రెండోదాని గురించే.

దాణా ఎంత వేయాలి, గడ్డి ఏ రకం మంచిది, షెడ్డు ఏ దిక్కుకు కట్టాలి, ఇవన్నీ మీ ఫోన్లో దొరుకుతాయి. నాకంటే ఓపిగ్గా చెబుతుంది కూడా. నేను చెప్పేది ఫోన్లో దొరకని సంగతి, మా చుక్కబర్రె సంగతి. మా అత్తమ్మకు చదువు రాదు. దయచేసి ఎవరూ ఆమెకు ఇది చదివి వినిపించకండి.

మాది అనంతపురం వైపు. మా ఊళ్ళో బర్రెను ఎనుము అంటారు. అంతకుమించి ఆ జంతువు గురించి నాకేమీ తెలియదు. మా నాన్న బడిపంతులు, మా ఇంటికి పాలు చెంబులో వచ్చేవి. మా ఆయన నా ఆఫీసులోనే పై అంతస్తులో పనిచేసేవాడు. వాళ్ళది కోకాపేట పక్క పల్లె. ఉన్న పొలంలో కొంత రోడ్డుకు పోయింది, కొంత టవర్లకు పోయింది. మిగిలింది ఒక ఇల్లు, ఒక కొట్టం, ఒక గడ్డిమడి. మామగారు పోయాక కూడా అత్తమ్మ ఆ మూడు బర్రెలను వదలలేదు. చుట్టూ క్రేన్లు లేచాయి. క్రేను నీడ గడ్డివాము మీదికి వస్తే పాలు పిండే వేళయిందని లేచేది. క్రేను తిరుగుతుంది అత్తమ్మా, దాన్ని చూసి టైం చెప్పలేం అని నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు.

మా టీమును ఎత్తేసినప్పుడు నేను ఇంకో ఉద్యోగం వెతుక్కోలేదు. ఆ కుర్చీ మీద నాకు మొహం మొత్తింది. "నేను బర్రెల పని నేర్చుకుంటా అత్తమ్మా" అన్నాను. ఆమె నన్ను తల నుంచి పాదం దాకా చూసింది.

"నీతోని అయితదా బిడ్డా? గిది మౌసు గాదు, బర్రె."

మౌసు కాదని మొదటి వారంలోనే తెలిసింది. పేడలో జారి పడ్డాను. కుడితి తొట్టిలో నా కళ్ళజోడు పడేసుకున్నాను. మొదటిరోజు గడ్డి కోసి పెట్టి, నేనెంత బాగా కోశానో అని ఫొటో తీసుకునేలోపు మూడు బర్రెలూ దాన్ని తొక్కేశాయి. అయినా అత్తమ్మ విసుక్కోకుండా నేర్పింది. తవుడు ఎట్లా నానబెట్టాలి, పేడ చూసి బర్రెకు ఒంట్లో ఎట్లా ఉందో ఎట్లా చెప్పాలి, పొదుగు ఎట్లా కడగాలి, అన్నీ. దూడలున్న రెండు బర్రెలను పిండటం కూడా వచ్చేసింది. నా వేళ్ళకు బలం వచ్చింది. మా ఆయనతో చేతులు కలిపి బలం చూసుకుంటే గెలిచేదాన్ని.

ఒక్క చుక్కబర్రె దగ్గరికి మాత్రం అత్తమ్మ నన్ను రానిచ్చేది కాదు. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న బర్రె అది, అందరికంటే ఎక్కువ పాలిచ్చేది, అత్తమ్మకు ప్రాణం. దాని పక్కన బకెట్ పెట్టుకుని కూర్చోగానే, "నువ్వు జర అవుతలికి పో బిడ్డా. నువ్వుంటే అది చేపది" అనేది.

చేపడం అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. పొదుగులో పాలు ఎన్ని ఉన్నా, బర్రె తనంతట తాను చన్నుల్లోకి వదిలితేనే మన చేతికి వస్తాయి. దూడ మూతి పెడితే వదులుతుంది. అదే చేపడం. చుక్కబర్రె దూడ పుట్టిన కొద్దిరోజులకే పోయింది. ఆ తర్వాత అది అత్తమ్మ కూర్చుంటేనే చేపేది, ఇంకెవరికీ చేపేది కాదు. నేను అవతలికి వెళ్ళాక కొట్టంలోంచి సన్నగా గొణుగుడు వినిపించేది. ఏ దేవుణ్ణో తలచుకుంటోంది కాబోలు అనుకుని నేను వంటింట్లో కూడా చప్పుడు చేసేదాన్ని కాదు.

అట్లా ఏడాది గడిచింది. ఒక వానాకాలం పొద్దున అత్తమ్మ కొట్టం ముందు బండ మీద జారింది. కుడిచేతి మణికట్టు విరిగింది. దవాఖానాలో పట్టీ వేయించుకుని, ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టగానే ఆమె అడిగిన మొదటి మాట, "చుక్కబర్రెను ఎవలు పిండుతరు?"

ఎవరు పిండుతారు, నేనే. ఆ సాయంత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని, నిమ్మవాసన వచ్చే హ్యాండ్‌వాష్‌తో మరీ కడుక్కుని, కూర్చున్నాను. చుక్కబర్రె ఒకసారి వెనక్కి తిరిగి వాసన చూసింది. తర్వాత బకెట్ గడ్డివాము దగ్గర దొరికింది.

"నువ్వు లే, నేను ఈ ఇంట్ల పుట్టినోణ్ణి" అని మా ఆయన వచ్చాడు. పుట్టినవాడైతే మాత్రం, ముందు జాగ్రత్తకు బైకు హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. చుక్కబర్రె తన్నలేదు. పేడలో బాగా తడిసిన తోకను తీరిగ్గా ఎత్తి, హెల్మెట్ అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పూత పూసింది. ఆయన ఆ అద్దంలోంచే తడుముకుంటూ బయటికి వచ్చాడు. పట్టీ కట్టిన చేతిని పట్టుకుని అత్తమ్మ ఒకటే నవ్వు.

మర్నాడు పొద్దున ఆమె ఒక ఉపాయం చెప్పింది. "నా చీర కట్టుకొని కూసో. నా వాసన పడితె నేననుకుంటది." ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే. భార్య ఊరికి వెళితే ఆమె చీర చుట్టుకుని పాలు పిండే మొగవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అత్తమ్మ కొట్టంలో కట్టుకునే పాత నేతచీర దండెం మీద నుంచి తీసుకున్నాను. తీసుకుని ఏం చేశానో చెబితే మీరు నమ్మరు. ఉతికాను. వాషింగ్ మెషీన్లో వేసి, బట్టలు మెత్తగా ఉండటానికి పోసే ఆ గులాబీవాసన నీళ్ళు కూడా పోసి, ఆరబెట్టి, మడత విప్పి కట్టుకున్నాను. పాలు పిండేచోట శుభ్రం ముఖ్యం కదా.

నన్ను ఆ వేషంలో చూసి అత్తమ్మ ముక్కు ఎగబీల్చింది. "గిదేంది, పెండ్లికి పోతున్నవా? వాసన కోసం చీరిస్తె, వాసనే ఉతికినవా?" చుక్కబర్రె కూడా ఇంచుమించు అదే మాట తన కాలితో చెప్పింది.

అప్పుడు ఆమె తను కట్టుకున్న చీరే నాచేత విప్పించి నాకిచ్చింది. ఈసారి బర్రె నా భుజం వాసన చూసి నిమ్మళించింది. దగ్గరికి రానిచ్చింది, పొదుగు ముట్టుకోనిచ్చింది. నేను లోపల దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. కానీ చేపలేదు. ఎండిపోయిన నల్లా తిప్పినట్టే ఉంది. పొదుగు మాత్రం రాయిలాగా గట్టిపడుతోంది.

పశువుల డాక్టర్ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి ఆ పూటకు పాలు తీయించాడు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, ఇది రోజూ ఇచ్చేది కాదు. అలవాటైతే బర్రెకు మంచిది కాదు, తర్వాత అది లేకుండా చేపదు. పాలు ఇట్లనే నిలిస్తే పొదుగు చెడిపోతది. ఎవరో ఒకరు చేపించుకోవాలె" అన్నాడు. ఆ మర్నాడు పొద్దున మళ్ళీ చేపలేదు. పొదుగు ముట్టుకుంటే కాలుతోంది. చుక్కబర్రె గడ్డి ముట్టలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ మా ఆయన చేత ఒక బేరగాడికి ఫోన్ చేయించింది. సాయంత్రం ట్రాలీ తెచ్చి తోలుకుపోతానన్నాడు. పాలివ్వని బర్రెలను ఆ మనిషి ఎక్కడికి తోలుతాడో మా ముగ్గురికీ తెలుసు. మా ఆయన నెమ్మదిగా, "చుక్కబర్రె పోతే మిగతా రెండు కూడా ఎందుకమ్మా, చేతగానప్పుడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడాది కష్టపడి నేర్చుకున్నదంతా ఒక్క బర్రె దగ్గర ఆగిపోయిందన్న ఉక్రోషం కొంత. ఆ బర్రె అంటే నాకు తెలియకుండానే పెరిగిన ప్రేమ కొంత.

కొట్టంలో దాని ముందు కూలబడి ఆలోచించాను. నా పాత వృత్తిలో ఒక అలవాటుంది. ఒకరి దగ్గర పనిచేసి ఇంకొకరి దగ్గర పనిచేయకపోతే, ఇద్దరి మధ్యా తేడా ఏమిటో వెతకాలి. చీర అదే, బకెట్ అదే, చోటు అదే, వేళ అదే. చేతులు వేరు, కానీ చేతుల పని చేపిన తర్వాత కదా. ఇంకేం తేడా ఉంది? అప్పుడు ఆ గొణుగుడు గుర్తొచ్చింది. నేను నోరు మూసుకుని పిండుతున్నాను. ఆమె ఒక్కపూట కూడా నోరు మూసుకుని పిండలేదు.

పరుగెత్తుకుంటూ వెళ్ళి అడిగాను. "అత్తమ్మా, పాలు పిండేటప్పుడు ఏందో అనుకుంటా ఉంటావు గదా. ఏ దేవుణ్ణి తలచుకుంటావు? నాకూ చెప్పు, నేనూ అంటా."

"దేవుడా? దేవుడెవలు?" అని ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

"మరి ఏమంటావు?"

"ఏదో... ఇంట్ల ముచ్చట్లు."

"ఏం ముచ్చట్లు?"

"నీ ముచ్చట్లే" అంది చివరికి.

నన్ను ఏడాదిగా అవతలికి ఎందుకు పంపిస్తోందో అప్పుడు అర్థమైంది. బర్రెకు నా మీద చాడీలు చెబుతోంది! "రోజూనా?" అన్నాను.

"రెండు పూటల" అంది దోషిలాగా.

కోపం రావాలి. వచ్చింది కూడా, కాదనను. కానీ ట్రాలీ దారిలో ఉంది. "అయితే లే అత్తమ్మా. నేను పిండుతా, నువ్వు చెప్పు" అన్నాను.

"నీ ముంగటనా? సిగ్గు గాదా?"

"సిగ్గుపడితే ట్రాలీ ఆగుతాదా? లెయ్, లెయ్!"

మా ఆయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చుక్కబర్రె తల దగ్గర వేసి, తనకు ఇక్కడ పని లేదని గ్రహించి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ కూర్చుని ఎడమచెయ్యి దాని మెడ మీద వేసింది. నేను ఆమె చీరలో, బకెట్ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

"నా కోడలు మంచిదే" అని మొదలుపెట్టింది, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. "మంచిగ జూసుకుంటది. పొద్దుగాల్నే లేస్తది."

చుక్కబర్రె చెవి కూడా కదపలేదు. చన్నుల్లో చుక్క లేదు.

"అత్తమ్మా, అబద్ధానికి అది చేపదు. నేను పొద్దున్నే లేస్తానా?"

"లేవవు."

"అదే చెప్పు దానికి."

ఆమె గొంతు సవరించుకుంది. "లేవదే. పొద్దెక్కినంక లేస్తది. లేసి ఫోన్ జూస్తది. కూరల ఉప్పెయ్యదు, బీపీ అంటది. బీపీ దాని మొగనికి, సప్పటి కూర నాకు! ఉప్పెయ్యనిదానికి బదులు కారమేస్తది, నాలిక మండిపోతది. చుట్టాలొస్తె మాట్లాడదు, ఫోన్ల మాత్రం పకపక నవ్వుతది." గొంతులో మెల్లగా పాత అలవాటు దిగుతోంది. "వంటింట్ల నా డబ్బాలన్ని తీసేసిందే. అన్ని ఒక్క తీరు డబ్బాలు తెచ్చింది, మూతలు గూడ కనిపియ్యనియ్యయి లోపలేమున్నదో. మీద పేర్లు రాసి అంటించిందట. నాకు సదువొస్తదా? నా ఇంట్ల నేను చక్కెర కోసానికి ప్రతి డబ్బ తీసి నాకి చూసుకుంటున్న. ఎవలకు చెప్పుకోవాలె?"

నా చేతులు ఆగిపోయాయి. ఆ పేర్లు రంగురంగుల్లో నేనే ఎంతో ముచ్చటపడి అంటించాను. "ఆ మాట నాతో చెప్పొచ్చు గదా అత్తమ్మా" అన్నాను.

"నేను నీతోని మాట్లాడ్త లేను. దీంతోని మాట్లాడ్తున్న. నువ్వు పిండు."

అప్పుడు చూశాను. చుక్కబర్రె చెవులు ఆమె వైపు తిరిగి ఉన్నాయి. పొట్ట మీద చర్మం ఒకసారి వణికింది. నా వేళ్ళ మధ్య చన్ను నిండుగా బిగుసుకుంది. లాగాను. బకెట్ అడుగున చుయ్యిమని చప్పుడు. అంత చక్కని చప్పుడు నా జీవితంలో వినలేదు.

ఆమె చెబుతూనే ఉంది. నా నడక, నా నిద్ర, నేను బర్రెకు ఇంగ్లీషులో సారీ చెప్పడం, ఏదీ వదల్లేదు. నేను నవ్వుతూ, ఉడుక్కుంటూ, పిండుతూనే ఉన్నాను. సగం అయ్యాక పాలు ఆగాయి. ఎందుకంటే ఆమె ఆగింది.

"చెప్పు అత్తమ్మా."

"ఇగ ఏం లెవ్వు."

"ఇంకా రెండు చన్నులుండాయి."

రోడ్డు మీద ట్రాలీ ఆగిన చప్పుడు వినపడింది. మా ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అత్తమ్మ చుక్కబర్రె నుదుటి మీది తెల్లచుక్కను బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా చిన్నగా ఉంది.

"మొన్న దానికి ఆఫీసు నుంచి ఫోనొచ్చిందే. మళ్ళ రమ్మంటున్నరట. ఆలోచించి చెప్త అన్నది, నేను విన్న. పోతదే. ఎందుకు పోదు? ఏసీల కూసునేటి పిల్ల, పెండల చేతులు పెట్టుకొని ఎన్నొద్దులుంటది? నా మొగమాటానికే ఉన్నదేమో. నిన్ను అమ్మితె దానికి అడ్డముండదు, నిమ్మలంగ పోతది అనుకున్న. గందుకే పిలిపిచ్చిన ట్రాలీని. నీ పొదుగు ఒక్కదానికే గాదు." దాని చెవి వెనక గోకింది. "కని నువ్వూ పోయి, గదీ పోతె, నేను ఎవల మీద చెప్పాలె, ఎవలకు చెప్పాలె? గోడకు చెప్పుకోవాల్నా?"

నాకు బకెట్ కనపడలేదు. తల చుక్కబర్రె పొట్టకు ఆనించి, కళ్ళు మూసుకుని పిండాను. ఆ రెండు చన్నుల్లో పాలు ధారగా వచ్చాయి. నురుగు అంచు దాకా లేచింది. ఆఖరి ధారలు తీసి పొదుగు తడిమి చూస్తే మెత్తబడి ఉంది. చుక్కబర్రె బరువుగా ఒక నిట్టూర్పు విడిచి, ముందున్న గడ్డి వైపు మూతి చాపింది.

బేరగాడు తాడు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏమైంది పెద్దమ్మా, తోలుకపోదునా?"

"నా బర్రె చేపింది. పో" అంది అత్తమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"గిట్లయితె ఎట్ల? అంత దూరం నుంచి వస్తి గదా."

"వస్తె ఏమాయె. చాయ తాగి పో."

ఆ పాలతోనే చాయ పెట్టాను. చక్కెర డబ్బా ఏదో నేనే తీసి అత్తమ్మకు చూపించాను. మర్నాడే ఆ కాగితాలన్నీ పీకేసి, ఆమె పాత డబ్బాలు అటక మీద నుంచి దించాను. ఆఫీసుకు ఫోన్ చేసి రానని చెప్పాను. మేనేజర్ కారణం అడిగాడు. ఇంట్లో నా మీద చాడీలు చెప్పే పని ఆగిపోతుందండీ అన్నాను. పాపం, ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

పట్టీ తీసేశాక కూడా మా పద్ధతి మారలేదు. పిండటం నాది, చెప్పడం ఆమెది. తర్వాత చాలా ఏళ్ళు, రెండు పూటలా, నా తప్పులన్నీ నా మొహం మీదే విన్నాను. కంపెనీలో ఏడాదికోసారి పని తీరు మీద కూర్చోబెట్టి మాట్లాడేవారు. అందులో ఒక్కసారి కూడా నాకు ఇంత ఉపయోగం కలగలేదు. కొన్ని దిద్దుకున్నాను. పొద్దున్నే లేవడం మాత్రం ఇప్పటికీ రాలేదు. అందుకే లిఫ్టులో అడిగే పిల్లలకు ఒకటే చెబుతాను. బర్రెలు కొనే ముందు ఇంట్లో మీ మీద చాడీలు చెప్పేవాళ్ళు ఎవరున్నారో చూసుకోండి, వాళ్ళతో సఖ్యంగా ఉండండి. నవ్వి ఊరుకుంటారు. తమాషాకు అన్నాననుకుంటారు.

ఆ సాయంత్రం ట్రాలీ వెళ్ళిపోయాక, అత్తమ్మ ఇంకా ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆమె పాదాల దగ్గర గడ్డి మీద కూర్చున్నాను. ఆమె నన్ను చూడకుండా బర్రెనే చూస్తోంది.

"అత్తమ్మా, కడాకు చెప్పిండేది... నేను పోతే ఎట్లా అని. అది నిజమేనా?"

"నిజం గాకపోతె" అంది, "అది చేపుతుండెనా?"